యథాతథం

అయినా అన్నప్పుడు తనకూ తెలియదు కదా, తెలియక అన్న మాట అబద్ధం ఎట్లా అవుతుంది, తెలిసిన తర్వాత దిద్దుకోకపోవడం వేరే సంగతి, దానికి వేరే పేరేదో ఉండాలి అనుకుంటూ సంపత్ నాలుగో అంతస్తులో 409 నంబరు గది తలుపు మీద రెండుసార్లు తట్టి, లోపల ఎవరూ లేరని తెలిసి కూడా మూడు క్షణాలు ఆగాడు. ఖాళీ గది అయినా సరే, తట్టాలి, ఆగాలి. అది ఎల్వారా హోటల్ పద్ధతి. ఆగిన ఆ మూడు క్షణాల్లో కోటు లోపలి జేబులోని కాగితం పక్కటెముకలకు తగిలింది. కాగితానికి బరువేముంటుంది? అయినా నాలుగు రోజులుగా అది తగులుతూనే ఉంది.

ఆ కాగితం ఉమారాణిది. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ ఉమారాణిని ఈ రోజు నుంచి విధుల నుంచి విడుదల చేస్తున్నామని మూడు వాక్యాలు. కింద ఆపరేషన్స్ మేనేజర్ అని అచ్చయి ఉంది. దాని పైన సంతకం పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో సంపత్ సంతకం పడితే ఆమె మధ్యాహ్నం రెండింటి బస్సెక్కి సాయంత్రానికి ఉట్నూరు చేరుతుంది. రేపు పొద్దున పదింటికి అక్కడి ఒక బడి హాస్టల్‌లో మేట్రన్‌గా చేరుతుంది. పడకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఇప్పుడు పదకొండు కావస్తోంది.

తలుపు తీసి లోపలికి వెళ్లాడు. గదిలో తప్పులేమీ లేవు. దిండ్లు నాలుగు, పరుపు మీద దుప్పటి ముడతలు సున్నా, బల్ల మీద నీళ్ల సీసా పేరు గుమ్మం వైపుకు తిరిగి ఉంది. కిటికీ అద్దం అవతల మానేరు డ్యాం నీళ్లు, కట్ట మీద బైకులు, మొక్కజొన్న కంకులు కాల్చే బండి నుంచి సన్నటి పొగ. ఏ చప్పుడూ లోపలికి రాదు. ఎల్వారా కిటికీలు తెరుచుకోవు. ఆరేళ్ల కింద గోవాలో శిక్షణ ఇచ్చినప్పుడు దానికి కారణం కూడా చెప్పారు: బయటి గాలి, బయటి చప్పుడు, బయటి వాసన, ఈ మూడింటినీ అతిథి గుమ్మం దగ్గరే వదిలేసి రావాలి. మనం అమ్మేది గది కాదు, బతికే తీరు. ఆ మాటను శిక్షకురాలు పదిహేను రోజులు రకరకాలుగా చెప్పింది. సంపత్ నమ్మాడు. బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టర్‌లో, పక్కింటి దగ్గు తమ ఇంటి దగ్గులా వినిపించే గోడల మధ్య పెరిగినవాడికి, బతికే తీరు అనేది ఒకటి విడిగా ఉంటుందని, దాన్ని కొనుక్కోవచ్చని ముప్పై ఏడేళ్ల దాకా తోచలేదు. తోచాక ఆ మాట వదల్లేదు. నాలుగు వందల పేజీల పద్ధతుల పుస్తకాన్ని అతను చదువుకున్నట్టు ఎవరూ ఏ పుస్తకాన్నీ చదివి ఉండరు. కొన్నాళ్లకు ఇంట్లో కూడా తలుపు తట్టి మూడు క్షణాలు ఆగడం మొదలుపెట్టాడు. మంచిర్యాలలో టీచరుగా పనిచేసే భార్య సృజన మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఇప్పుడు ఆదివారాలు తప్ప ఆ ఇంటికి పోవడం లేదు. ఏడు నెలలుగా ఇక్కడే ఉంటున్నాడు, యథాతథ ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి.

ఎల్వారాను పోయిన వేసవిలో ఇంకో పెద్ద సంస్థ కొన్నది. ఆ సంస్థ చేతిలో ఇట్లాంటి హోటల్ పేర్లు ముప్పై దాకా ఉన్నాయి. ఏ పేరు ఉంచాలో ఏది తీసేయాలో సమీక్షిస్తున్నామని, తేలేదాకా ప్రతి హోటలూ యథాతథంగా ఉండాలని రాశారు. గోడల రంగు మార్చకూడదు. పగిలిన కప్పు స్థానంలో వేరే రకం కప్పు పెట్టకూడదు. కొత్తవాళ్లను తీసుకోకూడదు, ఉన్నవాళ్లను పంపకూడదు. ఎవరైనా పోతానంటే ఆ వినతి కంప్యూటర్‌లో పైకి వెళ్తుంది, 'పరిశీలనలో ఉంది' అన్న ముద్రతో తిరిగి వస్తుంది, ఇక అట్లాగే ఉండిపోతుంది. పై అనుమతి రాకుండా కాగితం మీద సంతకం పెడితే, పెట్టినవాడిదే పూచీ. ఏదీ ముందుకు పోదు, ఏదీ ఆగిపోదు. అంతా మెరుస్తూ ఉంటుంది.

ఆ మాట అతను అన్నది జనవరిలో.

పొద్దున ఏడుంబావుకు వంటగది వెనక నడవాలో సిబ్బంది అంతా నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుంటారు. ఆ రోజు మెయింటెనెన్స్ మల్లేష్ చెయ్యెత్తి అడిగాడు.

"సార్, హోటల్ ఉంటదా, మూతవడ్తదా? ఏదన్న ఒక్కటి చెప్పుండ్రి. మా ఇంట్లదానికి జవాబు చెప్పలేక పరేషానైతున్న."

అందరూ నవ్వారు. తర్వాత అరవై రెండు ముఖాలు సంపత్ వైపు తిరిగాయి. 'తెలియదు' అనే మాట ఏ ఉద్యోగి నోటి నుంచీ రాకూడదని ఎల్వారా పుస్తకంలో ఉంది. బహుశా అందుకే. బహుశా అందుకు కూడా కాదు. "ఏం గాదు. నేను చూసిన" అన్నాడు.

అనేశాక గుర్తుపట్టాడు. ఆ మాట తనది కాదు, బాపుది.

తండ్రి రాయమల్లు బెల్లంపల్లి బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు దిగకముందే లోపలికి పోయి, పనిచేసే చోట పైకప్పును కర్రతో కొట్టి చెవి పెట్టి వినడం ఆయన పని. గట్టి రాయి ఒక తీరుగా మోగుతుంది, విడిన రాయి ఇంకో తీరుగా మోగుతుంది. విని వెనక్కి వచ్చి, ఎదురుచూస్తున్న మనుషులతో 'చూసిన' అనేవాడు. అంతే. ఎట్లుంది, ఏం వినవడ్డది అని ఆ తర్వాత ఎవరూ అడగరు. అడిగితే ఆయన చెవిని అనుమానించినట్టు. ముప్పై మంది ఆ ఒక్క మాట కిందికి తల వంచుకుని వెళ్లిపోయేవాళ్లు. రిటైరైన చాలా ఏళ్లకు, చనిపోవడానికి ముందు సంవత్సరం, ఆయన ఈ హోటల్ చూడటానికి వచ్చాడు. లాబీలో నిలబడి పైకి చూసి, గొడుగు మొనతో అలంకరణ కప్పును మెల్లగా పొడిచాడు. డొల్లగా మోగింది. "దీనెన్క ఏమున్నదిరా?" అని అడిగాడు. "వైర్లున్నయ్ బాపు" అని, ఎవరైనా చూశారేమోనని సంపత్ చుట్టూ చూసుకున్నాడు.

ఇక్కడి అరవై రెండు మందిలో నలభై మంది బెల్లంపల్లి, మందమర్రి వాళ్లే. బాయిల్లో పని తగ్గుతూ వస్తున్న ఇళ్ల నుంచి వాళ్లను ఏరి తీసుకొచ్చింది సంపతే. 'చూసిన' అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంకో ఊరివాళ్లయితే ఏం చూశావు, ఎక్కడ చూశావు, కాగితం చూపించు అనేవాళ్లు. వీళ్లు తల ఊపారు. బిగుసుకున్న భుజాలు దిగడం అతను కళ్లారా చూశాడు. మర్నాడే ఉమారాణి ఉట్నూరు హాస్టల్ వాళ్లకు ఫోన్ చేసి రానని చెప్పేసింది. ఇక్కడి జీతం అక్కడి దానికి దాదాపు రెట్టింపు. హోటల్ ఉండేటట్టయితే, పోవడం పిచ్చితనం. ఉంటుందని సర్దార్ కొడుకు చెప్పాడు.

సర్దార్ కొడుకు ఏ కప్పునూ కొట్టి చూడలేదు.

పది రోజుల తర్వాత తెలిసింది. ఎల్వారా పేరు అద్దెకు తెచ్చుకుని ఈ హోటల్ కట్టిన యజమాని కొండల్‌రావు గదిలో పెద్ద తెర మీద ఇద్దరు మనుషులు కనిపించి, చిన్న పట్టణాల నుంచి ఎల్వారా పేరును మార్చి ముప్పై ఒకటితో తీసేస్తున్నామని మర్యాదగా చెప్పారు. ప్రకటించేదాకా ఇది ఈ గది దాటకూడదన్నారు. దాటనివ్వనని ఇద్దరి చేతా సంతకాలు తీసుకున్నారు. తెర ఆరిపోయాక కొండల్‌రావు చాలాసేపు ఆ నల్లటి అద్దంలో తన ముఖాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "ఫంక్షన్ హాల్ జేస్త సంపత్. కింద పెండ్లిండ్లు, మీద లాడ్జి. ఇరువై మంది సాలు. గా ఇరువైల నువ్వు మొదటోనివి."

అది పోయిన నెల. ఇప్పుడు ఉట్నూరులో తన బదులు తీసుకున్న మనిషి చేరలేదని ఉమారాణికి రెండోసారి పిలుపు వచ్చింది. రెండోసారి పిలవడం ఎక్కడా జరగదు. ఆమెకు జరిగింది. అయినా ఆ కాగితం తన జేబులో ఉంది.

గది తలుపు మూసి సంపత్ నడవాలోకి వచ్చేసరికి మల్లేష్ నిచ్చెన మీద నిలబడి గోడలోని తెల్లపెట్టెను విప్పుతున్నాడు. ఆ పెట్టె నుంచి గంటకోసారి ఎల్వారా వాసన వస్తుంది. ఏ దేశంలో ఏ ఎల్వారాలో కళ్లు మూసుకుని నిలబడినా అదే వాసన.

"అయిపోయింది సార్. గిదే ఆఖరి డబ్బ. పంపుతరా అని ముంబై ఆఫీసును అడిగితే పరిశీలనల ఉన్నదంటున్నరు. వాసనను గూడ పరిశీలిస్తరా సార్?"

"నీళ్లు కలిపి నడిపించు."

"కలిపిన సార్, మొన్ననే. ఇగ ఇప్పుడు నీళ్లే మిగిలినయ్." మల్లేష్ పైనుంచి తొంగి చూసి గొంతు తగ్గించాడు. "పోనీ మా అవ్వ సాంబ్రాణి తేవాల్నా? గెస్టులకు దండం వెట్టబుద్ధయితది."

సంపత్ నవ్వాడు. నవ్వు వచ్చిందా, తెచ్చుకున్నాడా అతనికే తెలియలేదు. ఈమధ్య ఎవరూ లేని లిఫ్టులో కూడా ముఖం నవ్వుతూ ఉండడం అద్దంలో గమనించాడు. ఆ ముఖం మీద నవ్వు అరిగిపోయిన మెట్టులా ఉంది.

"సార్, ఒక్క మాట" అన్నాడు మల్లేష్ పెట్టె బిగిస్తూ. "ఉమక్కను ఎందుకు ఆపుతున్నరు? పాపం, బిడ్డ ప్రణతి ఉట్నూర్లనే ఉన్నది గదా."

"ఆపుతలేను. పైన ఉన్నది ఆ కాయితం."

"పైన అంటె?" మల్లేష్ నిచ్చెన మీద నుంచి కప్పువైపు చూశాడు. "గీడికంటె పైన నాకేం కనవడ్తలేదు సార్."

కింద లాబీలో కొండల్‌రావు రోజూ కూర్చునే మూల సోఫాలోనే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లని లాల్చీ, చేతిలో చల్లారిన టీ. గ్రానైట్ క్వారీలు, పొలాలు, ఇంకా ఏవేవో ఉన్నా ఆయన తన పేరు పక్కన ఎల్వారా పేరును పెట్టి చెప్పుకోవడానికి ఇష్టపడేవాడు. ఊరు మాత్రం ఆరేళ్లయినా దీన్ని కొండల్‌రావు లాడ్జి అనే అంటుంది. ఆటోవాళ్లకు ఎల్వారా అంటే తెలియదు.

"కూసో సంపత్."

"పర్లేదు సార్." యూనిఫాంలో ఉన్నవాళ్లు లాబీలో కూర్చోకూడదు.

"నిన్ను కూసోవెట్టే తాకత్ గూడ లేదా నాకు? సరే, నిలవడు. బోర్డు తుడువలేదని మెయిల్ వచ్చింది. దుమ్ము పట్టిందట. దించుమన్న దినం దాక తుడువాల్నట." ఆయన టీ కప్పును బల్ల మీద పెట్టాడు. కప్పు అంచు కొద్దిగా పెచ్చు లేచి ఉంది. "నేను గూడ ఇందులనే ఇరుక్కున్ననయ్యా. బయటికి పోతే అందరు అడుగుతరు, ఏం రావుసాబ్, అంత మంచిదే గదా అని. మంచిదే అంటున్న. ఇంటిదానికి గూడ అదే చెప్తున్న. గిట్ల అబద్ధమాడాల్సి వస్తదని అగ్రిమెంటుల రాయలేదు వాళ్లు."

సంపత్ ఆ పెచ్చు కనిపించకుండా కప్పును తిప్పి పెట్టినా కొండల్‌రావు గమనించలేదు.

"మాఘమాసం పెండ్లిండ్లు తొమ్మిది ఒప్పుకున్న. మొన్న ఎవరో పిల్ల పోతనంటున్నదట?"

"ఉమారాణి సార్. హౌస్‌కీపింగ్."

"ఒక్కళ్లు పోయిన్రంటె మిగిలినోళ్లు ఎందుకు పోయిన్రని ఆలోచిస్తరు. ఆలోచించనియ్యకు. పెండ్లిండ్లు గానీ, తర్వాత నువ్వు జెప్పినోళ్లందరికి మంచిగ సర్టిఫికెట్ రాసిస్త. నీ మాట వింటరు వాళ్లు. అదే నీ దగ్గరున్న పెద్ద గుణం."

లిఫ్టులో పైకి పోతూ సంపత్ ఆ చివరి వాక్యాన్ని లోపల పెట్టుకుని చూశాడు. వింటారు. నిజమే. అసలు ఎక్కడ చిక్కుకున్నాడో మొదటిసారి అతనికి మసకగా కనిపించింది. నాలుగు రోజులుగా కారణం సంతకం అనుకున్నాడు. గోప్యత అనుకున్నాడు. కంప్యూటర్ అనుకున్నాడు. ఇరవైలో మొదటి చోటు అనుకున్నాడు. అవన్నీ నిజాలే, కానీ వాటన్నిటి అడుగున, పెద్దమనిషి చెప్పుకోవడానికి సిగ్గుపడే ఒక తీపి ఉంది. ఆ జనవరి పొద్దున 'చూసిన' అన్నప్పుడు వాళ్ల భుజాలు దిగిన క్షణం. నలభై మూడేళ్లలో ఎవరూ అతని మాట మీద అట్లా బరువు దించుకోలేదు. నాలుగు వందల పేజీల పుస్తకం ఇవ్వనిదాన్ని ఆ క్షణం ఇచ్చింది: అతను రాయమల్లు అయ్యాడు. ఉమారాణి కాగితం మీద సంతకం పెడితే ఆ రాయమల్లు అక్కడితో అయిపోతాడు. పోయే మనిషిని ఆపడం లేదు తను, తనను నమ్మే మనిషిని దగ్గర పెట్టుకుంటున్నాడు. లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకుని, అతను దిగలేదని మళ్లీ మూసుకున్నాయి. అతను బటన్ నొక్కలేదు. కదలని పెట్టెలో కాసేపు ఉండటం బాగుంది. ఎల్వారా పాటల తొమ్మిది గంటల చుట్టులో ఇప్పుడు నడుస్తున్న వేణువు ఇంకో నిమిషానికి అయిపోతుందని, తర్వాత వచ్చేది పియానో అని అతనికి తెలుసు. పియానో వచ్చింది.

412లో ఉమారాణి పరుపు మీద దుప్పటి లాగుతోంది. ముప్పై నాలుగేళ్ల మనిషి. చేతులు వేగంగా, ముఖం నిదానంగా ఉంటాయి. అతన్ని చూసి నిటారుగా నిలబడి, పద్ధతి ప్రకారం చేతులు ముందు కట్టుకుంది.

"వచ్చిందా సార్?"

"ఇంకా పరిశీలనల ఉన్నది."

"పన్నెండయితుంది సార్." ఆమె గోడ గడియారం వైపు చూడకుండానే చెప్పింది. "రెండింటి బస్సు తప్పితే ఇంకోటి ఐదింటికి. అది జన్నారం కాడ్నే ఆగుతది. అటెన్క జీపులుండయ్."

"తెలుసు."

ఆమె తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుంది. గొంతు మారింది.

"అన్నా, హోటల్ల గాదు, బెల్లంపల్లిల అడిగినట్టు అడుగుతున్న. మా బాపు నీ బాపు వెనుక ఇరువై రెండేండ్లు దిగిండు. అందుకే అడుగుతున్న. నాకు గా కాయితం గూడ వద్దు. ఒక్క ముచ్చట చెప్పు. పోవాల్నా, ఉండాల్నా?"

సంపత్ నోరు తెరిచాడు. లోపల రెండు మాటలు ఒకేసారి బయలుదేరి గొంతులో ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. బయటికి వచ్చింది మూడోది.

"నీ కెరీర్ గురించి నువ్వే... అంటే, రెండు దిక్కుల లాభాలున్నయి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ, దయగల మనుషులు చేసే పనే చేసింది. అతని ఇబ్బందికి తనే కారణమనుకుంది.

"నిన్ను పరేషాన్ జేస్తున్న" అంది. "జనవరిల నువ్వు చెప్పనే చెప్పితివి. మల్లమల్ల అడుగుడేంది. ప్రణతికి ఫోన్ల చెప్తే ఏడుస్తది గని, పిల్లలకు ఏం తెలుస్తది? ఇక్కడైతే వచ్చే ఏడు అసిస్టెంట్ మేనేజర్ జేస్తరంటివి. ఫికర్ లేదు సార్. రానని చెప్తా వాళ్లకు."

మళ్లీ సార్ అయిపోయాడు. ఆమె దిండు అందుకుని గలీబులోకి దింపింది, మూల సర్దింది, తన పని మీద తనే తృప్తిపడినట్టు దాన్ని అరచేత్తో తట్టింది. "కింద సిగ్నల్ మంచిగుంటది" అని చెప్పి, వాడిన తువాళ్ల బుట్ట తోసుకుంటూ వెళ్లిపోయింది.

అతను ఆ గదిలో నిలబడిపోయాడు. ఇక ఏమీ చేయనక్కర్లేదు. ఇదే విచిత్రం. తను అబద్ధం చెప్పలేదు, గోప్యత తప్పలేదు, ఆమెను ఆపలేదు. ఆమె తనంతట తనే ఉండిపోతోంది. ఎవరికి వారు తమ చేతులతో తలుపులు వేసుకుంటున్నారు, గడియ మాత్రం అతని జేబులో ఉంది. మార్చి ముప్పై ఒకటిన ఆమె ఏం చేస్తుంది? ఏమీ అనదు. అదే భయం. తిడితే బాగుండు. ఆ రోజు కూడా ఆమె, నీకు గూడ తెల్వకపోవచ్చు అన్నా, అంటుంది. తన తరఫున తనకంటే ముందే సాకు వెతికి పెడుతుంది. ఆ సాకును మోస్తూ అతను ఫంక్షన్ హాలు మేనేజరుగా, పెళ్లివాళ్లకు మంచినీళ్ల డబ్బాల లెక్క చెబుతూ, ఇంకా ఇరవై ఏళ్లు బతకాలి.

కిటికీ దగ్గరికి పోయాడు. కట్ట మీద ఒక కుటుంబం ఐస్‌క్రీం తింటోంది. చిన్నపాప ఏదో అరుస్తోంది, నోరు కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. ఎంతసేపు చూశాడో తెలియదు. వాకీటాకీలో ఎవరో 305లో చెయ్యి తుడుచుకునే తువాలు తక్కువైందన్నారు. అలవాటుగా "నేను చూస్త" అన్నాడు. అని, ఆగిపోయాడు. ఏం చూస్తాడు? ఈ భవనంలో అతను చూడనిదేముంది? అన్నీ చూశాడు. చూసి, చూసిన చోటే నిలబడి ఉన్నాడు.

లిఫ్టు కోసం ఆగలేదు. సిబ్బంది మెట్ల మీదుగా దిగాడు. నాలుగంతస్తులు, ఆపైన ఇంకొకటి కిందికి. బేస్‌మెంట్‌లో బట్టల గది తలుపు తెరిచే ఉంది. ఆవిరి, సబ్బు, వేడి గుడ్డ వాసన. పొడవాటి బల్ల దగ్గర యాభై దాటిన సమ్మవ్వ తువాళ్లు మడుస్తోంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు. గోడవారగా ఉమారాణి ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమే ఉమా, గా ఫోను ఎప్పటిదాక పట్టుకుంటవ్? చెయ్యి గుంజుతలేదా?" అంటోంది సమ్మవ్వ.

"ఆగుమన్నరు పెద్దవ్వా. మేడంను పిలుస్తున్నరట."

"రానని చెప్పటానికి గూడ నిలవడాల్నా? వస్తనంటే ఇంకెంత నిలవెడుదురో!" అంటూ సమ్మవ్వ తలెత్తి సంపత్‌ను చూసింది. "రాండ్రి సార్. మీ మాట మీదనే ఉంటున్నది పిల్ల. జర జీతం వెంచుండ్రి. అటో ఇటో కాకుంట ఉన్నది దాని బతుకు."

మిగతా ఇద్దరూ నవ్వారు. ఉమారాణి ఫోన్ చేతితో మూసి, ఏదైనా పనుందా అన్నట్టు కనుబొమలు ఎత్తింది.

సంపత్ తలుపు తట్టలేదు. లోపలికి వచ్చి బల్ల దగ్గర ఆగాడు. ఇక్కడ సంతకం పెడితే ముగ్గురు ఆడవాళ్ల ముందు పెట్టినట్టే. వీళ్ల ముందు పెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు అరవై రెండు మంది ముందు పెట్టినట్టు. ఎవరినీ పంపకూడదన్న చోట నుంచి ఒకరిని పంపుతున్నాడంటే ఎందుకని ఇక ఎవరూ అతన్ని అడగరు. ఒకరినొకరు అడుగుతారు. సాయంత్రానికి కొండల్‌రావు పిలుస్తాడు. రేపో ఎల్లుండో తెర మీద ఆ ఇద్దరు మర్యాదస్తులు కనిపిస్తారు. ఇవన్నీ వరుసగా కళ్ల ముందు నడిచాయి. నడిచిపోయాక, తను ఇంకా అక్కడే, ఆవిరిలో, నిలబడి ఉన్నాడు.

కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి కాగితం తీశాడు. మడతలు విప్పాడు. నాలుగు రోజుల ఒంటి వేడికి మెత్తబడి ఉంది. పెన్ను కోసం పై జేబు తడుముకున్నాడు, లేదు. ఉమారాణి గదుల పట్టీలో టిక్కులు పెట్టే నీలం పెన్ను ఆమె మెడలో తాడుకు వేలాడుతోంది. చెయ్యి చాచాడు. ఆమె ఏమీ అడగకుండా, ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, ఒంటిచేత్తో తాడు తీసి ఇచ్చింది. అతను కాగితాన్ని ఎదురుగా ఉన్న తువాళ్ల దొంతర మీద పెట్టి గీశాడు. అడుగున మెత్తదనానికి పెన్ను మొన కాగితంలోకి దిగి చిన్న బొక్క పడింది.

"సార్, అది..." అంది ఉమారాణి. కాగితం ఏదో ఆమెకు అప్పుడు కనిపించింది. సమ్మవ్వ చేతుల్లో తువాలు సగం మడతలో ఆగింది.

ఫోన్‌లో ఎవరో వచ్చినట్టున్నారు. "హలో, చెప్పమ్మా, వస్తున్నరా లేదా?" అన్న గొంతు ఆ చిన్నగదిలో అందరికీ వినిపించింది. ఉమారాణి సంపత్ వైపు చూస్తూ ఉంది.

అతను కాగితాన్ని దొంతర మీది నుంచి తీసి, రెండడుగులు వేసి, వెచ్చగా ఉన్న ఇస్త్రీ బల్ల మీద చదునుగా పరిచి, బొక్క పడిన చోటును వదిలి, దాని పక్కన సంతకం చేశాడు.